వనభోజనములు – ఏటి మర్యాద

కార్తికమాసము వచ్చినదనగానే మన ఇండ్లలో వంటపాత్రలు తోటలకు పయనము కట్టును. వానలు వెనుకపట్టినవి, చలి ఇంకను ముదురలేదు. ఏటినీరు బురద తేరి తేటపడినది, ఇసుకతిన్నెలు బయటపడినవి, ఉసిరికొమ్మలు కాయలతో వంగియున్నవి. సంవత్సరములో ఇంతకంటె అనువైన అదను మరొకటి లేదని పెద్దలు కనిపెట్టియే ఈ నెలకు వనభోజనమును ముడివేసియుందురు. ఉసిరిచెట్టు నీడను విస్తరి వేసికొనుట పుణ్యమని చెప్పిరి. పుణ్యము మాట అటుంచినను, పదియిండ్లవారు ఒకచోట గూడి ఒకరి పులిహోరను మరియొకరు మెచ్చుకొనుట, పిల్లలు బడిని మరచి దినమంతయు ఇసుకలో పొరలుట, ఏడాది పొడుగున నాలుగు గోడల నడుమ మసలు ఇల్లాండ్రు ఒక్కపూటయైనను చెట్టుక్రింద తీరికగా కూర్చుండుట – ఇవి చిన్న లాభములు కావు. నడువుడు, ఒంటికి ఎండ తగులనిండు, నలుగురిలో మెలగుడు అని నేటి వైద్యులు చెప్పుచున్న మాటలన్నియు ఆ ఒక్క దినములో ఇమిడియున్నవి.

ఈ ఆచారమునకు మేము సర్వవిధముల అనుకూలురము. కావుననే ఈ మాసమున ఏటియొడ్డునకు బయలుదేరు కుటుంబములతో కొన్ని సంగతులు ముందుగా ముచ్చటింపదలచినాము.

మన తాతల నాటి వనభోజనము సాధారణముగా ఊరి పొలిమేర దాటెడిది కాదు. ఊరి తోపు, ఊరి చెరువుగట్టు, ఊరి ఏరు. ఏ రేవున పిల్లలు దిగవచ్చునో, ఏ బండప్రక్కను మడుగున్నదో, గడచిన వానకాలములో గట్టు ఎచ్చట కోసికొనిపోయినదో ఒకరికొకరు ప్రత్యేకించి చెప్పనక్కరలేకపోయెడిది. చాకిరేవున బట్టలుతుకువారికి తెలియును, పసులకాపరులకు తెలియును, వలవేయువారికి తెలియును. వారందరును ఆ దరిదాపులనే ఉందురు. “అటు పోకురా, అబ్బాయీ!” అని కేకవేయు గొంతు ఒకటి ఎప్పుడును ఒడ్డున ఉండెడిది.

ఇప్పుడట్లు కాదు. కార్యాలయపు ఉద్యోగులు, అపార్టుమెంటువాసులు, తెల్లవారుజామున నడకకు పోవువారి సంఘములు, కులసంఘములు బస్సు మాట్లాడుకొని నూరు కిలోమీటర్లు పోయి, అంతకుముందెన్నడును చూడని ఏటియొడ్డున దిగుచున్నారు. వంటకములవే, పాటలవే, ఉసిరిచెట్టదే. ఏరు మాత్రము మన ఊరిది కాదు. కేకవేయు గొంతు అక్కడ లేదు. ఈ ఒక్క మార్పే ఏటియొడ్డు ఆపదలలో చాలవాటికి మూలమని మా అభిప్రాయము.

2014 జూన్ 8వ తేదీ సాయంకాలము హిమాచలప్రదేశమునందలి మండి జిల్లాలో, హైదరాబాదు నుండి విహారయాత్రకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నదిలోని బండలపై నిలిచియుండగా, ఎగువనున్న లార్జీ జలవిద్యుత్కేంద్రపు ఆనకట్ట నుండి విడిచిన నీరు వారిని చుట్టుముట్టెను. 24 మంది విద్యార్థులు కొట్టుకొనిపోయిరి. 2017 నవంబరు 12న, కార్తికమాసపు చివరి ఆదివారమునాడు, కృష్ణానదిలో ఇబ్రహీంపట్నము వద్ద పవిత్రసంగమమునకు పోవుచున్న పడవ తలక్రిందులై 20 మందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమంది ఒంగోలు నుండి విహారమునకు వచ్చిన నడకసంఘమువారు, వారి కుటుంబములవారు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదతో పారుచుండగా పాపికొండలకు పోవుచున్న లాంచీ కచ్చులూరు వద్ద మునిగెను. 40 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 26 మంది మాత్రము బయటపడిరి.

పంచాంగము తిరుగవేసి చూచినచో ఈ మూడును ఆదివారములే. మూడింటను పోయినవారిలో అధికులు దూరము నుండి, సెలవుదినమున, సంతోషముగా వచ్చినవారే. వారిది తప్పని మేమనుట లేదు. ఆ నీటి సంగతి ఎరిగినవారి మాట సమయమునకు వారి చెవిని పడలేదు, అంతియే. ఆ మాటలలో కొన్నింటినైనను ఇక్కడ చెప్పిచూతము.

ఏరు పైకి ఒక్కటిగా కనబడినను అడుగున ఒక్కటిగా ఉండదు. ఏరు వంపు తిరుగుచోట నీరు వెలుపలి ఒడ్డును ఒరసికొని వేగముగా పోవును. అందువలన ఆ ఒడ్డు కోతపడి నిట్టనిలువుగా ఉండును, దాని క్రింద లోతెక్కువ. లోపలి ఒడ్డున వేగము తగ్గి, నీరు మోసికొనివచ్చిన ఇసుక దిగబడి తిన్నెయగును. కావున కాళ్లు తడుపుకొనదలచినవారు తిన్నె ఉన్న వైపును ఎన్నుకొనవలెను. ఎదుటి ఒడ్డున నీడ బాగుగానున్నదని అటు పోరాదు. నీరు కదలక, నల్లగా, అద్దమువలె కనబడుచోటు ఆటకు అనువైనదని పిల్లలు తలంతురు. కాని నీరు గలగలలాడుచోట లోతు తక్కువ, నిమ్మకు నీరెత్తినట్లున్న చోటనే మడుగుండును.

ఈ తిన్నె సూత్రమును నమ్మి నిశ్చింతగా ఉండుటకును ఇప్పుడు వీలులేకున్నది. ఇండ్ల నిర్మాణమునకై ఇసుకను యంత్రములతో త్రవ్వి తీయుచున్నారు. గోదావరి, కృష్ణ, పెన్న, మానేరు – ఏ నదిని చూచినను ఇదే కథ. త్రవ్విన గోయి నీటితో నిండినతరువాత పైకి ఏమియు తెలియదు. మోకాలిలోతు నీటిలో నడుచుచున్న బాలుడు మరుసటి అడుగున తలమునుక లోతునకు జారిపోవును. గోతియంచు నానిన ఇసుక గనుక కాలు మోపిన కొలదిని విరిగిపడుచుండును. వెనుకకు ఎక్కబోయినవానిని మరల క్రిందికే దించును. ఏటికి పోయినప్పుడు లారీల చక్రపుజాడలు నీటిలోనికి దిగియున్నచోటు, ఒడ్డున ఇసుక కుప్పలుపోసియున్నచోటు కనబడినచో, అక్కడ విస్తళ్లు వేసికొనవచ్చునుగాని స్నానమునకు దిగరాదు. ఈ ఒక్క మాట ఇంటి పిల్లల కందరికిని బస్సు దిగకముందే చెప్పుడు.

మరియొక మాయ ఆనకట్టల క్రిందిది. చెరువు అలుగు – దానినే తెలంగాణమున మత్తడి యందురు – పొంగి పారుచుండగా తెల్లని నురుగుతో దుముకు నీటిక్రింద నిలిచి తలంటుకొనుట అందరికిని ముచ్చట. చిన్న వాగులపై కట్టిన చెక్‌డ్యాముల వద్దను ఇదే కోలాహలము. నాలుగంగుళముల నీరు మెల్లగా జారుచున్నంతసేపు ఇందు దోషము లేదు. కాని ప్రవాహము బలిసినప్పుడు పైనుండి పడిన నీరు అడుగునకు పోయి, కొంతదూరము సాగి, పైకి లేచి, మరల గోడవైపునకే వెనుకకు తిరుగును. అందు చిక్కినవానిని ఆ నీరు గుండ్రముగా త్రిప్పుచు గోడక్రిందికే తెచ్చుచుండును. నురుగులో గాలి పాలెక్కువగుటచే ఈదుటకు పట్టు దొరకదు. గజ యీతగాండ్రును ఇట్టిచోట ఓడిపోవుదురు. పడిన కొయ్యదుంగయో, కొబ్బరిబొండమో అచ్చటనే గిరగిర తిరుగుచు దిగువకు పోలేకుండుట చూచినచో, మనిషి గతియు అంతేయని గ్రహింపవలెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి: మేఘము లేకయే ఏరు పెరుగును. పూర్వము ఏటికి నీరు వచ్చుట యనిన ఎగువ వాన కురియుటయే. ఇప్పుడు మన పెద్దనదులకన్నిటికిని తలుపులున్నవి. శ్రీశైలము, నాగార్జునసాగరము, పులిచింతల, జూరాల, సీలేరు – ఇవన్నియు విద్యుచ్ఛక్తి కేంద్రములు కూడ. విద్యుత్తును మూటగట్టి పెద్దయెత్తున దాచుట కష్టము, కావలసినప్పుడే పుట్టింపవలెను. ఇండ్లలో దీపములు వెలుగు సాయంకాలమున, స్నానములకు నీరు కాగు ఉదయమున వాడుక పెరుగును. అప్పుడు టర్బైనులు త్రిప్పుదురు. వాటినుండి వెలువడిన నీరు దిగువ ఏటిలోనికి వచ్చును. ఒక్కొక్కప్పుడు దీనికి విపర్యయముగా, విద్యుత్తు అక్కరలేదని కేంద్రమును ఆపినపుడు, జలాశయములో చోటు చాలక గేట్లెత్తి నీటిని వదలుదురు. ఎట్లైనను దిగువనున్న మనకు ఫలమొక్కటే: ఉదయము ఎండియున్న బండలు మధ్యాహ్నమునకు దీవులగును, సాయంకాలమునకు కానరావు. అట్లు దీవియైన బండపై చిక్కుకొనుటయే పెద్ద ప్రమాదము.

దీనికి మా వద్ద ఒక చవుకబారు యంత్రము కలదు. ఏటికి చేరగానే నీటియంచున ఒక పుల్లను గ్రుచ్చుడు. పావుగంట కొకసారి దానిని చూచు పనిని ఒక చురుకైన పిల్లకు అప్పగింపుడు. పుల్ల మొదలు తడిసినదన్నచో పాత్రలను, పాపలను ఒడ్డెక్కింపుడు. కారణము తరువాత విచారింపవచ్చును. తేటనీరు ఉన్నట్లుండి మడ్డిబారుట, ఎండుటాకులు పుల్లలు గుంపుగా కొట్టుకొనివచ్చుట, ఏటి చప్పుడు మారుట – ఇవియు అదే కబురును తెచ్చును. ఆనకట్టల నుండి నీరు వదలుటకు ముందు సైరను మ్రోగించుట కలదు. కాని పాటల పెట్టెలు బిగ్గరగా మ్రోగుచుండగా సైరను ఎవరికి వినబడును? రేడియోలో పనిచేయు మేము ఈ మాట చెప్పుట వింతగా నుండవచ్చును, అయినను చెప్పుచున్నాము: ఏటియొడ్డున పాటల ధ్వని తగ్గింపుడు.

రేడియో వలన ఉపయోగమును లేకపోలేదు. భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు ఇత్తురు. ఈ అంకెలు వార్తలలో వినబడినప్పుడు, అవి భద్రాచలవాసుల సంగతియని గోదావరి దిగువ జిల్లాలవారు ఊరకుండరాదు; ఆ నీరు ధవళేశ్వరమునకు వచ్చుచున్నదని అర్థము. 1986 ఆగస్టులో అక్కడి మట్టము 75.6 అడుగులకు ఎక్కినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. ఇవి వానకాలపు వరదలు. కార్తికము తేటమాసమేగదా యనుటయు పూర్తిగా సరికాదు. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతమున తుపానులు పుట్టు కాలము. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చినదే. వాతావరణ సూచన వినకుండ బస్సుకు బయానా ఇయ్యకుడు.

పారునీటి బలమును మనము కంటితో తూచలేము. ఘనపు మీటరు నీటి బరువు 1000 కిలోలు. దాని వేగము రెట్టింపైనచో కాళ్లపై త్రోపు రెట్టింపుకాదు, నాలుగురెట్లగును. మూడింతలైనచో తొమ్మిదిరెట్లు. అందుచేత నిన్న నడచి దాటిన వాగును నేడు దాటగలమను లెక్క తప్పు. పిక్కలలోతు నీటిలో స్థిరముగా నిలిచినవాడు మోకాలిలోతు వడినీటిలో అడుగు ఎత్తినంతనే ఒరిగిపోవును. వాహనముల సంగతియు ఇంతే. రెండడుగుల నీటిలో మామూలు కారు తేలసాగును. తేలిన కారునకు చక్రములు పనికిరావు. రోడ్డుమీదుగా వాగు పొర్లుచున్నప్పుడు భోజనముల వేళ మించినదని తొందరించు బంధువుల మాటను డ్రైవరు వినరాదు. ఇవతలి ఒడ్డున తిన్నను అది వనభోజనమే.

కొండవాగులు మరింత తొందరగలవి. మారేడుమిల్లి ప్రాంతపు అడవులలోను, కడెము నదిపై కుంటాల జలపాతము వద్దను మనమున్నచోట ఎండకాయుచునే యుండవచ్చును. ఎగువ కొండపై కురిసిన జల్లు అరగంటలో మన కాళ్లక్రిందికి వచ్చును. జలపాతముల వద్ద పోవు ప్రాణములలో చాలభాగము పాచిపట్టిన బండమీద జారుటవలన పోవునవే. తడిసి నల్లగానున్న బండపై చెప్పులతోను నిలువరాదు, వట్టికాళ్లతోను నిలువరాదు; ఛాయాచిత్రమునకై వెనుకకు ఒక్కడుగు వేయుట అసలే పనికిరాదు. పైనుండి గుండములోనికి దుముకువారికి అడుగున బండ ఎక్కడనున్నదో నీరు చెప్పదు.

ఏటి సంగతి ఇంతగా చెప్పి కొండదారులను విడుచుట న్యాయము కాదు గాని, వాటిని గురించి చెప్పవలసినది కొంచెమే. మనవారికి నడక క్రొత్తగాదు. అలిపిరి నుండి తిరుమలకు 3,550 మెట్లు, శ్రీవారిమెట్టు దారిని 2,388 మెట్లు ఏటేట లక్షలమంది ఎక్కుచున్నారు. ఆషాఢపూర్ణిమకు సింహాచలము కొండచుట్టు సుమారు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణము ముసలివారును చేయుచున్నారు. ఈ దారులలో నీడ, నీరు, తోడు ఉన్నవి. అయినను దారికి ఇరువైపుల నున్నది అడవియే. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేండ్ల బాలిక చిరుతపులి వాతబడినది. సంజవేళయు చీకటియు చిరుతకు వేటసమయము. పెద్దలకంటె ముందుగా పరుగెత్తిన పొట్టిపిల్ల దానికంటికి జింకపిల్లవలెనే ఉండును. చిన్నవారిని నడుమనుంచి, చేయిపట్టుకొని, వెలుతురుండగనే నడచుట మేలు. తినగా మిగిలినదానిని దారిప్రక్క పారవేయుట కూడదు. దానికై కుక్కలును పందులును చేరును, వాటికై చిరుత చేరును.

మరల ఏటికి వత్తము. పడవ ఎక్కకుండ గోదావరి యాత్ర పూర్తికాదని చాలమంది తలంపు. అది నిజమే. పాపికొండల నడుమ లాంచీపై పోవుట తెలుగుదేశమున ఒక గొప్ప అనుభవము. దానిని మానుకొండని మేము చెప్పము. కాని ఆ అందమునకు కారణమైనదే అపాయమునకును కారణము. విశాలముగా పారు గోదావరి ఆ కొండల సందున ఇరుకుపడును. అంత నీరును ఆ సందున పోవలెను గనుక లోతును వడియు పెరుగును. 2019లో ప్రమాదమునాడు నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కులు పారుచుండెను. క్యూసెక్కనగా క్షణమునకు ఒక ఘనపుటడుగు, అనగా 28 లీటర్లకు పైమాట. ఈ లెక్కను ఒక్క క్షణములో దాదాపు 1 కోటి 40 లక్షల లీటర్లు ఆ ఇరుకున దూసికొనిపోవుచుండగా, లాంచీ దానికెదురెక్కుచుండెను. మునిగిన లాంచీ అక్టోబరు 22న గాని బయటికి రాలేదు. దానిని తీసినది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము బృందమువారు, ఇనుపత్రాళ్లతో, లంగరులతో. ప్రమాదమునాడు మొదట అందుకొని రక్షించినవారు కూడ ఆ ఒడ్డున నివసించు పల్లెవారే యను సంగతి మరువదగినది కాదు.

పడవ ఏల బోర్లపడును? పడవ నిలుకడ రెండు బలముల పేచీ. మనుష్యుల బరువు క్రిందికి లాగును, నీరు పైకెత్తును. పడవ ఒకవైపు ఒరిగినపుడు ఆవైపు ఎక్కువ భాగము మునిగి, నీటి ఎత్తుడు అటు పెరిగి, పడవను మరల నిలువబెట్టును. బరువు అడుగుననున్నంతకాలము ఇట్లు సర్దుకొనును. పైయంతస్తునకు ఎక్కువమంది ఎక్కినచో బరువు మీదికి పోయి ఈ సర్దుబాటు బలహీనపడును. ఆ స్థితిలో ‘అదిగో చూడు’ అని అందరును ఒక్క ప్రక్కకు పరుగెత్తిరా, పడవ లేవదు. మితిమించి ఎక్కించినప్పుడు నీటిమట్టమునకు పైన నిలుచు అంచు తగ్గును. చిన్న అలకే నీరు లోపలికి వచ్చును. వచ్చిన నీరు ఒరిగినవైపునకే పారి, ఒరుగుటను హెచ్చించును. కనుక ఎక్కకముందే చూడవలసినవి మూడు కలవు. ఎంతమందికి అనుమతియో పడవపై వ్రాసియున్నదా, ఎక్కినవారెందరు? లైఫ్ జాకెట్లు మనిషికొకటి చొప్పున చేతికిచ్చినారా, లేక మూలను కుప్పగా పడియున్నవా? వరద హెచ్చరికయేమైన ఉన్నదా? ఇందులో ఒక్కదానికి సరియైన జవాబు రాకున్నను టిక్కెట్టు సొమ్ము పోనిచ్చి ఒడ్డుననే నిలువుడు. సరంగు విసుగుకొనినను సరే.

లైఫ్ జాకెట్టును గురించి ఒక్క మాట. అది బరువని, ఉక్కపోయునని, చీర నలుగునని, ఛాయాచిత్రములో బాగుండదని విప్పి ఒడిలో పెట్టుకొనువారు కలరు. మనిషి దేహపు సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతయే. అందుచేత మనిషిని తేల్చుటకు పెద్దయెత్తు బలము అక్కరలేదు. ఏడెనిమిది కిలోల ఎత్తుడు చాలును, ముక్కు నీటికి పైన నిలుచును. ఆ కొంచెమును ఇచ్చుటకే ఆ జాకెట్టు. కాని పట్టీలు బిగింపనిచో నీటిలో పడినంతనే అది పైకి పోవును, మనిషి క్రిందికి పోవును. పడవ ఒరిగిన తరువాత తొడుగుకొనుటకు వ్యవధి యుండదు. పిల్లలకు పిల్లల కొలతదే కావలెను. పెద్దల జాకెట్టునుండి పిల్లవాడు జారిపోవును.

ఇంత జాగ్రత్తపడినను ఎవరో ఒకరు మునుగవచ్చును. మునుగువాడు చలనచిత్రములలో వలె కేకలువేయడు. కేకకు ఊపిరి కావలెను. అతనికి ఆ ఊపిరియే కరవు. తల వెనుకకు వాల్చి, నోరు తెరచి, చేతులతో నీటిని క్రిందికి నొక్కుచు, నిచ్చెన ఎక్కుచున్నట్లు కనబడును. దూరమునుండి చూచువారికి ఆటలాడుచున్నట్లే తోచును. ఒక నిమిషము గడవకముందే కానరాకపోవచ్చును. పిల్లల సందడి ఆగిపోయినచోటనే చూపు నిలుపవలెను.

చూచినంతనే నీటిలో దుముకుట మన సహజగుణము. తండ్రి దుముకును, అతనికై తమ్ముడు దుముకును. ఒకరితో పోవలసిన ఆపద ముగ్గురిని మ్రింగినదను వార్తలు మనము పలుమారు చదువుచునే యున్నాము. మునుగువాడు చేతికందినదానిని విడువడు. అందినది రక్షింపవచ్చినవాని మెడయైనను సరే. కనుక మొదట అందింపుడు, లేదా విసరుడు. వెదురుకర్ర, చెట్టుకొమ్మ, గొడుగు – ఏదైనను అందింపవచ్చును. ఒడ్డున పండుకొని అందింపవలెను. నిలుచున్నచో మనమును లాగబడుదుము. రెండు చీరలు ముడివేసినచో దాదాపు పది మీటర్ల త్రాడగును. వనభోజనమున మరియొక గొప్ప సాధనము కలదు, ఎవరును గమనింపరు: త్రాగునీరు తెచ్చుకొను 20 లీటర్ల క్యాను. దానిని ఖాళీచేసి మూత గట్టిగా బిగించినచో ఇరువది కిలోలకు దగ్గరగా ఎత్తుడు ఇచ్చును. ఒక్క మనిషినే గాదు, ఇద్దరిని తేల్చగలదు. దాని మెడకు త్రాడు కట్టి ఒడ్డుననుంచుడు. కొంచెము నీరు లోపల విడిచినచో విసరుటకు బరువుగానుండును.

బయటికి తీసినవాని కడుపు నొక్కి నీరు కక్కించుట, కాళ్లుపట్టి తలక్రిందులుగా వ్రేలాడదీయుట, బొర్లించి గిరగిర త్రిప్పుట – ఇవి మన ఊళ్లలో ఇప్పటికిని చేయుచున్న చికిత్సలు. వీటివలన మేలు లేదు, కాలము మాత్రము గడచిపోవును. కడుపులోని పదార్థము ఊపిరితిత్తులకు పోవు ప్రమాదమును కలదు. మునిగినవానికి కావలసినది గాలి. ఊపిరి ఆడకున్నచో వెల్లకిల పరుండబెట్టి, గడ్డము పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరుంచి ముందుగా ఊపిరి ఊదవలెను. కదలిక రాకున్నచో రొమ్ము నడుమ రెండుచేతులతో అయిదు సెంటిమీటర్లకు తగ్గక లోతునకు, నిమిషమునకు 100 నుండి 120 పర్యాయముల చొప్పున నొక్కవలెను; 30 నొక్కులకు 2 ఊపిరులు. చిన్నపిల్లలకు తగినంత మెత్తగా. ఇంతలో మరియొకరు 108కు టెలిఫోను చేయవలెను. ఫోనులో ‘ఏటియొడ్డున ఉన్నాము’ అనిన ఎవరికి తెలియును? చేరిన వెంటనే ఆ ఊరి పేరు, రేవు పేరు, వచ్చిన దారి అడిగి వ్రాసియుంచుకొనుడు. మునిగి తేరుకొని బాగుగానే మాటలాడుచున్నవానిని కూడ ఆసుపత్రికి కొనిపోవలెను. ఊపిరితిత్తులలోనికి పోయిన నీటిచే కొన్ని గంటల తరువాత ఆయాసము పుట్టవచ్చును.

ఆ ఊరి పేరు అడుగుటకు పోయినప్పుడే మరి నాలుగు మాటలును అడుగవచ్చును. మేము మొదట చెప్పిన గొంతు ఇప్పటికిని ప్రతి ఏటియొడ్డునను ఉన్నది. మనము బస్సు దిగి నేరుగా చెట్టుక్రిందికి పోవుటవలన దానిని కలిసికొనుట లేదు. రేవున వల ఆరవేసికొనుచున్న పెద్దమనిషిని “అయ్యా, పిల్లలు ఎక్కడ దిగవచ్చును? ఇసుక ఎక్కడ త్రవ్వినారు? నీరు ఏవేళకు వచ్చును?” అని అడుగుడు. నీళ్లకు వచ్చిన ఆడుబిడ్డలను అమ్మాయని పిలిచి అడుగుడు. వారు సంతోషముగా చెప్పుదురు, వద్దన్నచోటికి పోవకుడు. వీలున్నచో ఆ పెద్దాయననే భోజనమునకు పిలువుడు. ఈ పని ఉసిరిచెట్టునకు పూజచేయుటకు ముందు చేసినను దోషములేదు.

చివరగా కాపు సంగతి. పెద్దలు నలుబదిమంది ఉన్నచోట పిల్లలను అందరును చూచుచున్నారనుకొందురు. నిజమునకు ఎవరును చూడరు. కనుక ఇద్దరిని పేరుపెట్టి నియమింపవలెను. ఈత వచ్చినవారైన మరియు మంచిది. వారు వంటలో వేలుపెట్టరాదు, పేకముక్కలు పట్టరాదు, ఫోను చూడరాదు. క్యానును త్రాటిని ప్రక్కనుంచుకొని నీటివైపు ముఖముగా కూర్చుండవలెను. గంటకొకసారి మరియిద్దరు వారిని విడిపింపవలెను. వడ్డన మొదలైనప్పుడు వారి విస్తళ్లు ఒడ్డునకే పోవలెను, అందరికంటె ముందుగా, గారెలు వేడిగానుండగనే.